జీతంతో పాటు పోయినవి

ఆత్మహత్యల కారణాలు మనిషి మనసులోనే కాదు, అతను బతికే సమాజంలో కూడా ఉంటాయని ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ డర్కైమ్ 1897లోనే రాశాడు. ఎం.ఏ. సోషియాలజీలో అది నాకొక పాఠం. కరోనా కాలంలో అదే నా బతుకైంది.

వరంగల్ దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. మొదట సగం జీతం ఇచ్చారు, తర్వాత అదీ ఆగింది. 2021 ఫిబ్రవరిలో పై తరగతులకు బడి తెరిస్తే ఊపిరి పీల్చుకున్నాం. మార్చి 24 నుంచి మళ్ళీ మూత. ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఆ బియ్యం మా ఇంటికి నిజంగా ఆసరా అయ్యాయి. కానీ రేషన్ షాపు దగ్గర ఒక విద్యార్థి తండ్రి "నమస్తే సార్" అంటే తలెత్తి చూడలేకపోయాను.

నాకొచ్చిన జబ్బు డిప్రెషన్. అది మొదట ఒంట్లోనే కనిపించింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది. అన్నం సయించేది కాదు. పేపర్లో ఒక వార్త చదివితే చివరికొచ్చేసరికి మొదలు గుర్తుండేది కాదు. గ్యాస్ట్రిక్ అనుకుని ఆర్‌ఎంపీ దగ్గర మందులు వాడాను. తర్వాత మనుషులను తప్పించుకోవడం మొదలైంది. ఫోన్ మోగితే అప్పిచ్చినవాళ్ళేమోనని టెన్షన్. నేను లేకపోతే ఇంటికి ఒక భారం తగ్గుతుందనే లెక్క రాత్రీ పగలూ తలలో తిరిగేది. అది అబద్ధపు లెక్క, జబ్బు వేయించే లెక్క. ఆ రోజుల్లో మాత్రం అంతకు మించిన నిజం లేదనిపించింది.

నా భార్య పసిగట్టింది. "గిట్లుంటే ఎట్ల? నడువు, దవాఖానకు పోదాం" అని ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక విభాగానికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ సూటిగానే అడిగారు: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అవునని చెప్పడానికి చాలాసేపు పట్టింది. చెప్పాక పెద్ద బరువు దిగింది. ఇలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు. అడిగేవాళ్ళ కోసమే నేను ఎదురుచూశాను. పోలీసు కేసు అవుతుందేమోనన్న భయం కూడా ఆవిడే తీర్చారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ళను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్ళుగానే చూడాలి, శిక్షించకూడదు.

డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పట్టింది. ముందు నిద్ర వచ్చింది, తర్వాత ఆకలి. ఆ తర్వాతే పుస్తకం పట్టుకోగలిగాను. పట్టుకున్నది డర్కైమ్‌నే.

పేదరికమే ఆత్మహత్యలకు కారణం అనడు ఆయన. బతుకు ఒక్కసారిగా తలకిందులై, పాత కొలతలు పనికిరాకుండా పోయి, కొత్తవి ఇంకా కుదరని స్థితిని చూపిస్తాడు. మనిషికీ చుట్టూ ఉన్నవాళ్ళకీ మధ్య తెగిన బంధాలను చూపిస్తాడు. నాకు జీతం ఒక్కటే పోలేదు. పొద్దున్నే ప్రార్థన, స్టాఫ్ రూమ్ టీ, పిల్లల గోల, నన్ను సార్ అని పిలిచే ఊరు, అన్నీ పోయాయి. ధైర్యంగా ఉండమని చెప్పినవాళ్ళకు ఇది అర్థం కాలేదు.

ఆయన మాటలన్నీ మన దగ్గర సరిపోవు. పెళ్ళి రక్షణ ఇస్తుందన్నాడు. ఆ రక్షణ ఆడవాళ్ళకు తక్కువేనని తనే గమనించాడు. మన దేశంలో ఆత్మహత్య చేసుకుంటున్న ఆడవాళ్ళలో దాదాపు సగం మంది గృహిణులు. బంధం ఉండటమే చాలదు, అందులో ఊపిరి ఆడాలి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో 1,70,924 మంది ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ళలో నాలుగో వంతుకు పైగా రోజు కూలీలు. కారణం గడిలో మాత్రం కుటుంబ సమస్యలు, అనారోగ్యం అని పడతాయి. నేను పోయి ఉంటే నా పేరు అనారోగ్యం కిందే చేరేదేమో. ఆగిన జీతం అక్కడ కనిపించేది కాదు.

2021 సెప్టెంబరులో బడి తెరిచాక కూడా మాత్రలు ఆపలేదు. డాక్టరమ్మ చెప్పినట్టే చాలా కాలం వాడి, మెల్లగా తగ్గించుకున్నాను. నన్ను మళ్ళీ మనుషుల్లోకి తెచ్చింది తోటి టీచర్లు. మా మండలంలో ఇప్పుడు ఒక చిన్న సంఘం ఉంది. ఎవరైనా ఫోన్ ఎత్తడం మానేస్తే ఇంటికి వెళ్తాం, ఆస్పత్రికి తోడు వెళ్తాం. రాత్రిపూట తట్టుకోలేనివాళ్ళకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాసిస్తాం. అది ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇవన్నీ చేస్తున్నా ఏటా వేసవి వస్తే నాకు గుబులే. చాలా ప్రైవేటు బడులు ఇప్పటికీ పది నెలల జీతమే ఇస్తాయి. పన్నెండు నెలలకూ ఇవ్వాలని, పీఎఫ్ కట్టాలని అర్జీ రాసి సంతకాలు సేకరిస్తున్నాం. ఉద్యోగం పోతుందేమోనని కొందరు ఇంకా వెనకాడుతున్నారు. వాళ్ళ ఇళ్ళకు మళ్ళీ వెళ్ళాలి.