చలికాలం నీళ్ల పొయ్యికి కట్టెలా, పెల్లెట్లా?

వరంగల్‌లో గది వెచ్చగా ఉండాలని పొయ్యి పెట్టే ఇల్లు కనపడదు. ఆదిలాబాద్ వైపు చలి గట్టిగా పట్టినా వాకిట్లో చలిమంటతోనే పొద్దు గడుస్తుంది. మన ఇళ్లలో కార్తీకం నుంచి శివరాత్రి దాకా రోజూ పొయ్యి వెలిగేది తానాల నీళ్ల కోసం. ఆ పొయ్యికి కట్టెలు మంచివా, పొట్టును గుళికల్లా ఒత్తి ఈ మధ్య సంచుల్లో అమ్ముతున్న పెల్లెట్లు మంచివా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. కిలో ధర చూసి తేల్చేస్తే మోసపోతారు. ముందు తేమ చూడాలి.

నలుగురున్న ఇంటికి 80 లీటర్ల వేడినీళ్లు అనుకుందాం. 20 డిగ్రీల నీళ్లను 42కు తేవాలంటే సుమారు 1,760 కిలోక్యాలరీల వేడి నీళ్లకు అందాలి. బాగా ఎండిన కట్టె కిలోకు దాదాపు 3,500 ఇస్తుంది. అందులో మామూలు పొయ్యి మీద గిన్నెకు చేరేది పావు వంతు, మిగతాది గాలిపాలు. అంటే 2 కిలోల కట్టె చాలు. అదే 40 శాతం తేమ ఉన్న పచ్చి కట్టె అయితే 10 కిలోల మోపులో 4 కిలోలు నీళ్లే. ఒక్కో కిలో నీళ్లు ఆవిరయ్యేందుకే సుమారు 600 కిలోక్యాలరీలు పోతాయి, మంట చల్లబడి పొగ లేస్తుంది. అదే పనికి 5 కిలోల దాకా కాలుతుంది. ఫ్యాన్ ఉన్న పెల్లెట్ పొయ్యిలో మంచి పెల్లెట్లు 1.3 కిలోలతో సరిపోతాయి. కాబట్టి ఎండు కట్టె ధరకు ఒకటిన్నర రెట్లు పెట్టినా పెల్లెట్లు గిట్టుబాటే, అంతకు మించితే కాదు. పచ్చి కట్టెతో పోల్చితే మూడు రెట్లు పెట్టినా నష్టం లేదు.

సొంత పొలం ఉండి, వేప, తుమ్మ, జామాయిల్ కొమ్మలు దొరికేవాళ్లకు మాత్రం కట్టెనే చెప్తాను. కొట్టడం మాఘ, ఫాల్గుణాల్లో అయిపోవాలి. మొద్దుగా వదిలితే బెరడు లోపలి తేమను పట్టి ఉంచుతుంది, అందుకే మణికట్టు లావున చీల్చాలి. కింద రెండు వరసల ఇటుకలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి, పైన మాత్రం రేకు కప్పండి. పక్కలకు పట్టా చుట్టొద్దు, లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. మన ఎండలకు రోహిణి కార్తె దాటేసరికి పేళ్లు ఎండిపోతాయి. మృగశిరకు ముందే కొట్టంలోకో చూరు కిందికో చేర్చాలి. రెండు పేళ్లను ఒకదానికొకటి కొట్టి చూడండి: ఖంగుమంటే ఎండినట్టు, దబ్బుమంటే ఇంకా పచ్చి. కోసిన చివర గీతల్లా పగుళ్లు కూడా ఉండాలి. గన్నేరు కట్టె, రంగేసిన చెక్క, ప్లైవుడ్ పొయ్యిలో పెట్టొద్దు. సొంత పొలంలో చెట్టైనా నరికే ముందు అటవీశాఖ వాళ్లను అడగండి, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెట్లకూ వర్తిస్తుంది.

పత్తి కట్టె ఉచితంగా దొరుకుతుంది కదా అని చేను గట్టున కుప్పేస్తుంటారు. అందులో మిగిలిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని మళ్లీ వచ్చే పంట మీద పడుతుంది. పైగా అది వరిగడ్డిలా భగ్గుమని ఆరిపోతుంది, పొయ్యి దగ్గరే కూర్చోవాలి. దాన్ని పొడి చేసి పెల్లెట్లుగా ఒత్తితేనే నిలకడగా కాలుతుంది.

పెల్లెట్లు కొనేటప్పుడు సంచి అడుగు చూడండి. పొడి ఎక్కువుంటే అది ఫ్యాన్ గాలికి లేచి పొయ్యిలోకి గాలి వచ్చే రంధ్రాలు మూసేస్తుంది. ఒకటి విరిస్తే చటుక్కున విరగాలి. నాలుగు గింజలు గ్లాసెడు నీళ్లలో వేసి అరగంట ఆగండి. అవి ఉబ్బి పొట్టుగా విడిపోతాయి, అడుగున ఇసుక పేరుకుంటే మట్టి కలిసిందన్నమాట. ఊకతో చేసినవి చవకే గానీ బూడిద 15 శాతం పైనే ఉంటుంది. పంట వ్యర్థాల బూడిద ఎక్కువ వేడికి కరిగి జాలీ మీద చిట్టెంలా గడ్డకడుతుంది. అది గాలిని ఆపగానే మంట పసుపు తిరిగి పొగ మొదలవుతుంది. రోజూ చల్లారాక జాలీ గీకాల్సిందే. చెక్క పొట్టు పెల్లెట్లకు ఈ బాధ చాలా తక్కువ.

పెల్లెట్ పొయ్యి లేకుండా పెల్లెట్లు కొనకండి. మామూలు పొయ్యిలో పోస్తే సగం జాలీలోంచి జారిపోతాయి, మిగతావి గాలి ఆడక కమురుతాయి. మధ్యలో గొట్టం ఉండే రాగి బాయిలర్‌లో కూడా నిండా పోస్తే గొట్టం మూసుకుపోతుంది, నిప్పుల మీద గుప్పెడు గుప్పెడు మాత్రమే వేయాలి. ఫ్యాన్ పొయ్యి అయితే పై రంధ్రాలకు రెండు అంగుళాలు తక్కువగా నింపి, పైన కొబ్బరి పీచు, కర్పూరం పెట్టి అక్కడే అంటించాలి. అడుగున అంటిస్తే ఇల్లంతా పొగ. ఫ్యాన్ ముందు నెమ్మదిగా తిప్పి, మంట రంధ్రాల చుట్టూ పువ్వులా విచ్చుకున్నాకే పెంచండి. మధ్యలో పెల్లెట్లు పోయొద్దు, మంట ఆరి పొగ గుప్పుమంటుంది. కరెంటు పోతే అదే గతి, కాబట్టి బ్యాటరీతో నడిచే 12 వోల్టుల ఫ్యాన్ ఉన్నదే తీసుకోండి.

నిల్వకు పెల్లెట్లే సుఖం. మూడు నెలలకు 120 కిలోలు కావాలి, అది మూత ఉన్న 200 లీటర్ల డ్రమ్ములో పట్టేస్తుంది. కానీ ఒక్క వాన తడి తగిలిందా, మళ్లీ పొట్టే. డ్రమ్మును నేల మీద కాకుండా చెక్క మీద పెట్టండి.

మంట ఆరాక పొయ్యిలో ఎర్రటి నిప్పులు మిగులుతాయి. పొగ ఉండదు, సెగ హాయిగా ఉంటుంది, కుంపటిలోకి ఎత్తి పడుకునే గదిలో పెట్టుకోవాలనిపిస్తుంది. వద్దు. తలుపులు మూసిన గదిలో ఆ నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వాటిని మూత గట్టిగా పడే ఇనుప డబ్బాలో వేసి బయటే ఆర్పండి. పూర్తిగా చల్లారాక ఆ బొగ్గు మర్నాడు ఇస్త్రీపెట్టెకు పనికొస్తుంది.