తిరిగి రాగలనో లేదో!

సుందరకాండ పారాయణ అనగానే మనవాళ్ళు నేరుగా 'తతో రావణనీతాయాః' దగ్గర మొదలుపెడతారు. 68 సర్గలు ఎన్ని రోజుల్లో ముగించామన్నదే లెక్క. హనుమ లంఘించక ముందు ఆ ఒడ్డున ఏం జరిగిందో ఎవరికీ పట్టదు. నాకది చాలా బాధగా ఉంటుంది. కిష్కింధకాండలో 64వ సర్గ నుంచి చదవండి. అక్కడ అంగదుడున్నాడు.

వాలి కొడుకు, తండ్రి పోయిన కుర్రవాడు. సీతమ్మను వెతుకుతూ దక్షిణ దిక్కుకు వెళ్ళిన దండు బాధ్యత అతనిదే. సుగ్రీవుడిచ్చిన నెల గడువు స్వయంప్రభ అనే తపస్విని ఉండే గుహలోనే దాటిపోయింది. వట్టి చేతులతో వెళితే పినతండ్రి బతకనివ్వడని దర్భలు పరుచుకుని ప్రాయోపవేశానికి, అంటే తిండి మాని ప్రాణం విడవడానికి, కూర్చున్నాడు. సీతమ్మ లంకలో ఉందన్న గద్ద సంపాతి మాటతో లేచాడు. లేచి చూస్తే ఎదురుగా సముద్రం! నూరు యోజనాలు దూకాలి. ఎవరెంత దూకగలరంటే గజుడు 10 యోజనాలన్నాడు, గవాక్షుడు 20, అలా జాంబవంతుడి 90 దాకా వచ్చి ఆగింది. అప్పుడు అంగదుడు:

అహమేతద్గమిష్యామి యోజనానాం శతం మహత్ |
నివర్తనే తు మే శక్తిః స్యాన్న వేతి న నిశ్చితమ్ ||

వెళ్ళగలను, తిరిగి వచ్చే శక్తి ఉందో లేదో తెలియదు అంటున్నాడు. దీనికి ఏదో శాపం కారణమని కథలు చెబుతారు. వాల్మీకంలో ఆ ఊసే లేదు. ఆ 'తు' అన్న ఒక్క అక్షరం దగ్గర నేను ఎన్నిసార్లు ఆగిపోయానో! 'గమిష్యామి' అన్నప్పుడు తడబాటు లేదు. తిరుగు ప్రయాణం దగ్గరే 'కానీ' వచ్చింది. అవతలి ఒడ్డున తాను పడిపోతే సీతమ్మ జాడ రాముడికి ఎవరు చెప్పాలి? తన గొప్ప చూసుకునేవాడికి ఈ ఆలోచనే రాదు.

మా అక్క కొడుకు సరుకు ఓడల్లో పనిచేస్తాడు. మొదటిసారి కెప్టెన్‌గా ఎక్కిన రోజు, ఒడ్డు సిగ్నల్ ఇంకా అందుతుండగా ఫోన్ చేశాడు. ఓడను రేవు దాటించే పైలట్ నిచ్చెన దిగి వెళ్ళిపోగానే, ఓడ నడిపే బ్రిడ్జి మీద అందరూ తన ముఖమే చూశారట. "మామయ్యా, టీ కప్పు పట్టుకుంటే సాసర్ టకటకలాడింది" అన్నాడు. ధైర్యం చెప్పడం నాకు చేతకాలేదు. ఈ శ్లోకం చదివి అర్థం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ దారిలో చాలాసార్లు వెళ్ళొచ్చిన చీఫ్ ఆఫీసర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, తనకు తెలియనివన్నీ అడిగాడట.

జాంబవంతుడు కూడా అంగదుణ్ణి కసరలేదు. నువ్వు లక్ష యోజనాలైనా వెళ్ళి రాగలవు నాయనా, కానీ పంపవలసినవాడివి నువ్వు అన్నాడు. ఆ తర్వాతే అందరి కళ్ళూ ఒంటరిగా, మౌనంగా కూర్చున్న హనుమ మీదికి మళ్ళాయి. అంగదుడు తన సందేహం దాచుకుని దూకేసి ఉంటే హనుమను ఎవరు లేపేవారు?

మీ ఇంట్లో కొత్తగా పెద్ద బాధ్యత మీద పడ్డ పిల్లలుంటే, టెన్షన్ పడొద్దని కసురుకోకండి. పక్కన కూర్చుని ఈ సర్గలు చదివించండి. తర్వాత సుందరకాండ 57వ సర్గ దగ్గర కాస్త ఆగండి. తిరిగొచ్చిన హనుమను వానరవీరులందరి నడుమ, సత్త్వంలో, వీర్యంలో నీకు సాటి ఎవరూ లేరని నోరారా మెచ్చుకున్నవాడు అంగదుడే.