ఎర్రగుడి బండ మీద లేని మాట

పదవీ విరమణ చేసేదాకా ముప్పై రెండేళ్ళు ఉన్నత పాఠశాలల్లో సాంఘికశాస్త్రం చెప్పాను. "అశోకుని ధర్మమును గూర్చి వ్రాయుము" అనే నాలుగు మార్కుల ప్రశ్నకు ఎన్ని వేల జవాబులు దిద్ది ఉంటానో లెక్కలేదు. అయినా, అనంతపురంలోని మా ఇంటికి డెబ్బై కిలోమీటర్ల లోపే ఉన్న ఎర్రగుడి శాసనాలను మొన్న జూలై మొదటి వారం వరకూ కళ్ళతో చూడలేదు. చివరికి నన్ను అక్కడికి నడిపించింది చరిత్ర మీది మమకారం కాదు, ఒక డాల్ఫిన్.

కిందటి డిసెంబరులో, గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, వాడు మమ్మల్ని ముచ్చటపడి డాల్ఫిన్ల ప్రదర్శనకు తీసుకుపోయాడు. నీలం రంగు పూసిన సిమెంటు కొలను, చుట్టూ మెట్లుమెట్లుగా కుర్చీలు, చెవులు దద్దరిల్లే పాట. రెండు డాల్ఫిన్లు ముక్కుల మీద బంతులు నిలిపాయి, తోకల మీద లేచి వెనక్కి నడిచాయి, ప్రతి విన్యాసం కాగానే శిక్షకుడి బకెట్ దగ్గరికి వెళ్ళి నోరు తెరిచాయి. నేను అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. సముద్రమంటే మద్రాసు మెరీనాలో రెండుసార్లు చూసినదే తప్ప ఎరగని సీమ మనిషికి అది వింతగా కనిపించడంలో వింత లేదు.

బయటికి వచ్చాక మా మనవడు టోపీ మరిచిపోయానన్నాడు. ఇద్దరం వెనక్కి వెళ్ళాం. పాట ఆగిపోయింది, కుర్చీలు ఖాళీ, బకెట్ బోర్లించి ఉంది. ఒక డాల్ఫిన్ గోడ వెంబడి కుడి నుంచి ఎడమకు గానుగెద్దులా తిరుగుతోంది. వాడు కుర్చీల కింద టోపీ వెతికినంతసేపూ నేను లెక్కపెట్టాను. పదకొండు చుట్లు. ప్రతి చుట్టూ ఒకే దూరం, ఒకే వేగం. దాని మొహం మీద మాత్రం, ఆట ఆడుతున్నప్పటి నవ్వే ఉంది. ఆ నవ్వు దాని దవడ ఎముక వంపు మాత్రమేననీ, ఏడ్చినా చచ్చినా ఆ మొహం అలాగే ఉంటుందనీ ఊరికి తిరిగొచ్చి చదువుకున్నాక గాని తెలియలేదు. అది ఏ సముద్రంలో పుట్టిందో అక్కడ ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ చదువులోనే అశోకుడు మళ్ళీ ఎదురయ్యాడు. వేసవి సెలవులకు మనవడు అనంతపురం వచ్చినప్పుడు, డాల్ఫిన్లను చంపకూడదని ఇరవై రెండు వందల ఏళ్ళ కిందటే ఒక రాజు రాతి మీద చెక్కించాడని వాడికి చెప్పాను. పదకొండేళ్ళ పిల్లవాడు ఊరుకుంటాడా? "ఎక్కడుంది తాతా, చూపించు" అన్నాడు. ఆ మాట ఉన్నది ఢిల్లీలో. మన పక్కనున్నది ఎర్రగుడి. ఆ తేడా చెప్పకుండానే బయలుదేరదీశాను, తర్వాత దాని ఫలితం అనుభవించాను.

గుత్తి దాకా బస్సు. కోట కింద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బజ్జీ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నా వాడు రెండోది అడిగాడు. అక్కడి నుంచి పత్తికొండ దారిలో ఆటో. కర్నూలు జిల్లా సరిహద్దు దాటి తుగ్గలి మండలంలో అడుగుపెట్టగానే, దారికి ఇరువైపులా పొలాల్లో నడుము వంచి నేల వెతుకుతున్న జనం కనిపించారు. తొలకరి వానలకు మట్టి కొట్టుకుపోయి జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల చేలలో వజ్రాలు పైకి తేలుతాయి. దొరికేది ఏ కొద్దిమందికో గాని, ప్రతి ఏడూ దూరదూరాల నుంచి వచ్చి వెతికేవాళ్ళకు లోటు లేదు. ఆ జొన్నగిరే అశోకుని దక్షిణ రాజ్యానికి కేంద్రమైన సువర్ణగిరి అని చాలామంది చరిత్రకారులు భావిస్తారు.

శాసనాలున్నది పెద్ద కొండ కాదు, ఊరికి కాస్త ఎడంగా గుండ్ల మీద గుండ్లు పేర్చినట్టున్న ఒక గుట్ట. మేం ఎక్కేసరికి పదిన్నర. ఎండ ఏటవాలుగా పడినంతసేపే ఆ అక్షరాలు కనిపిస్తాయి, నెత్తి మీదికి వస్తే రాయిలో కలిసిపోతాయి. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ, వాటితోపాటు లఘుశాసనాలూ ఒకే గుట్ట మీద ఉండడం దేశంలో అరుదు. ఇక్కడి లఘుశాసనంలో ఇంకో విడ్డూరం ఉంది. కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, వాటి పక్కవి కుడి నుంచి ఎడమకూ నడుస్తాయి. చాలు చివర మడక మళ్ళించినట్టు చెక్కినవాడు రాతను మళ్ళించాడు. లిపి రాకపోయినా, వరసలో ఒకే అక్షరం కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి తిరిగి కనిపిస్తే మనవడు వేలితో చూపించి నవ్వాడు.

మొదటి శిలాశాసనం సారాంశం వాడికి చెప్పాను. ఇక్కడ ఏ ప్రాణినీ చంపి బలి ఇవ్వరాదు. పూర్వం రాజుగారి వంటశాలలో కూర కోసం రోజూ లక్షలాది ప్రాణులు చచ్చేవి, ఇప్పుడు మూడే చస్తున్నాయి, రెండు నెమళ్ళు, ఒక లేడి. ఆ లేడి కూడా రోజూ కాదు. ముందుముందు ఈ మూడూ ఉండవు. పాఠం చెప్పిన రోజుల్లో నేను "అశోకుడు జంతుహింసను నిషేధించెను" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. తన కంచంలో ఇంకా ఏముందో రాజే నలుగురూ నడిచే దారి పక్కన లెక్కకట్టి ఒప్పుకున్నాడన్న సంగతి ఆ బండ ముందు నిలబడితే గాని నాకు తట్టలేదు.

"డాల్ఫిన్ ఏది తాతా?" అన్నాడు వాడు.

ఇక తప్పలేదు. ఈ బండ మీద ఆ మాట లేదని చెప్పాను. అది ఐదో స్తంభశాసనంలో ఉంది. ఆ శాసనమున్న స్తంభాల్లో ఒకదాన్ని పద్నాలుగో శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ తోప్రా గ్రామం నుంచి ఢిల్లీకి తరలించి తన కోటలో నిలబెట్టాడు, ఇప్పటికీ అక్కడే ఉంది. పట్టాభిషేకమైన ఇరవై ఆరేళ్ళకు రాజు కొన్ని ప్రాణులను చంపరాదని పేర్లతో సహా ప్రకటించాడు: చిలుకలు, గోరువంకలు, గబ్బిలాలు, తాబేళ్ళు, ముళ్ళపందులు. ఆ వరుసలో "గంగాపుపుటక" అనే పేరు ఒకటి ఉంది. అది గంగానదిలోని డాల్ఫినేనని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. దాదాపు గుడ్డిదైన ఆ జీవి ధ్వని పంపి, దాని ప్రతిధ్వనితోనే బురదనీళ్ళలో దారి వెతుక్కుంటుంది. చేప కాదు గనుక ఊపిరికి పైకి రావాలి, వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. నూనె కోసం మనుషులు దాన్ని వేటాడారు, ఆ నూనెను చేపలకు ఎరగానూ వాడారు. 2009లో దాన్ని జాతీయ జలచరంగా ఎంచుకున్నారు. 2025లో వెల్లడైన లెక్క ప్రకారం మన నదుల్లో ఉన్న డాల్ఫిన్లు 6,327. అందులో సింధు డాల్ఫిన్లు మూడే మూడు, బియాస్ నదిలో.

వాడికి ఆ అంకెలు పట్టలేదు. మోసం చేశావన్నట్టు మొహం పెట్టాడు. అప్పుడు, నన్ను నెలల తరబడి వదలని ఇంకో సంగతి చెప్పాను. చంపరాదన్న జాబితాతో మొదలైన ఆ శాసనం చిట్టచివరి వాక్యం జంతువుల గురించి కాదు. ఈ ఇరవై ఆరేళ్ళలో ఇరవై ఐదు సార్లు బందీలను విడిచిపెట్టానని రాజు అక్కడ చెప్పుకున్నాడు. ఆ బందీలు మనుషులేనని నాకు తెలుసు. అయినా చంపడాన్నీ చెరబెట్టడాన్నీ ఒకే రాతి మీద చూసినప్పుడు నాకు గానుగెద్దులా తిరిగిన ఆ డాల్ఫినే గుర్తొచ్చింది.

వేట వేరు, వినోదం వేరు అని నేనూ అనుకునేవాణ్ణి. జపాన్‌లోని తైజీ గురించి చదివాక ఆ భ్రమ పోయింది. ఏటా సెప్టెంబరు నుంచి అక్కడ పడవలు బారులు తీరి, నీళ్ళలోకి దించిన ఇనుప గొట్టాలను మోదుతూ డాల్ఫిన్ల గుంపులను చిన్న పాయలోకి తరుముతాయి. శబ్దంతో చూసే ప్రాణికి ఆ మోత గోడలాంటిది. పాయను వలతో మూసేశాక, ఈడైనవీ ఒంటి మీద గాట్లు లేనివీ ఏరి ఆటశాలలకు అమ్మేస్తారు, మిగిలినవాటిలో చాలావాటిని మాంసానికి కోసేస్తారు. మాంసం ధరకంటే ప్రాణంతో ఉన్న డాల్ఫిన్ ధర ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే ఆ పడవలకు చమురు పోసేది ప్రధానంగా టికెట్టే. తైజీ డాల్ఫిన్లను సభ్యులెవరూ కొనకూడదని జపాన్ జంతుశాలల సంఘం 2015లో నిర్ణయించుకుంది, అదీ జంతుశాలల ప్రపంచ సంఘం దాని సభ్యత్వాన్ని నిలిపివేశాకే. ఇక టికెట్ కొనేది ఎవరు? పొద్దున్నే వలలు లాగుతూ డాల్ఫిన్లను చూసే బెస్తవాళ్ళు కాదు. సముద్రం మొహం ఎరగని నాలాంటివాళ్ళే.

ఈ విషయంలో మన దేశం చేసిన పని చెప్పుకోదగ్గది. 1998లో బల్గేరియా నుంచి చెన్నై శివారులోని ఒక వినోద కేంద్రానికి తెచ్చిన డాల్ఫిన్లు కొన్ని నెలల్లోనే చనిపోయాయి. తర్వాత కేరళ, మహారాష్ట్రల్లో మళ్ళీ అలాంటి కొలనుల ప్రతిపాదనలు వచ్చినప్పుడు, 2013 మే 17న కేంద్ర జంతుశాలల ప్రాధికార సంస్థ వాటిని అనుమతించవద్దని రాష్ట్రాలకు రాసింది. డాల్ఫిన్లను "మనుషులు కాని వ్యక్తులు"గా చూడాలన్న శాస్త్రవేత్తల మాటను ఆ ప్రకటనలోనే ప్రస్తావించింది. అందుకే మా చప్పట్లు కొట్టే సరదా తీర్చుకోవడానికి విమానం ఎక్కవలసి వచ్చింది.

గుట్ట దిగుతుంటే, కింద చేనులో వజ్రాలు వెతుకుతున్న ఒక పెద్దావిడ చెంగుతో చెమట తుడుచుకుంటూ పలకరించింది.

"యాడ్నుంచి వచ్చినారు సామీ?"

"అనంతపురం నుంచమ్మా. రాళ్ళు చూద్దామని."

"మేమూ రాళ్ళకే వచ్చినాంలే" అని నవ్వింది.

ఆమె చెంగు ముడిలో ఉన్న నాలుగు గవ్వ రంగు రాళ్ళు చూపించింది. బదులుగా మా వాడు ఫోన్ తీసి డిసెంబరు నాటి వీడియో చూపించాడు. ఆమె ఫోన్‌ను నీడకు తిప్పుకొని ఆసాంతం చూసింది. "ఎంత లోతుంటాది ఆ తొట్టి?" అంది. నాకు తెలియదు. "అదెప్పుడూ పైనే ఉండాదే, ఎండకు దాని తోలు కాలదా?" అని మళ్ళీ అడిగింది. ఇన్ని నెలలు చదివిన నాకు ఎప్పుడూ తట్టని ప్రశ్న అది. సముద్రంలోనైతే లోపలికి మునిగి ఎండ తప్పించుకోగలిగే డాల్ఫిన్లకు, లోతు లేని కొలనుల్లో తోలు కమిలే మాట నిజమేనని ఇంటికొచ్చాక చదివాను. పొద్దస్తమానం వీపు మీద ఎండ మోసే మనిషి గనుక ఆమెకు ముందే తెలిసింది.

తిరుగు ఆటోలో మనవడు తిమింగలాల గురించి అడిగాడు. తిమి అనే మహామత్స్యాన్ని మింగేది గనుక తిమింగిలమని మన పెద్దలు పేరు పెట్టారనీ, దాన్ని కూడా మింగే తిమింగిలగిలాన్ని ఊహించారనీ చెబితే సంబరపడ్డాడు. ఆ మింగేవాడు ఎవరో ఇరవయ్యో శతాబ్దం చూపించింది. ఆ నూరేళ్ళలో వేట ఓడలు దాదాపు 29 లక్షల తిమింగలాలను చంపాయని అంచనా, సబ్బుకూ వనస్పతికీ కావలసిన నూనె కోసమే చాలావరకు. అంతర్జాతీయ తిమింగల వేట సంఘం 1982లో వాణిజ్య వేటను ఆపాలని తీర్మానించింది, 1986 నుంచి అది అమలైంది. 2019 జూన్‌లో జపాన్ ఆ సంఘం నుంచి బయటికి వెళ్ళి, మర్నాడే తన సముద్రంలో వేట మొదలుపెట్టింది. "రాజు మళ్ళీ లేడిని వండించుకున్నాడన్నమాట" అన్నాడు మా వాడు. నేనేమీ నేర్పలేదు.

గుత్తి బస్టాండులో నాపరాయి బల్ల మీద కూర్చుని వాడు వాళ్ళ నాన్నకు ఫోన్ చేశాడు. సెప్టెంబరులో వాడి పుట్టినరోజుకని అదే ఆటశాలకు మూడు టికెట్లు ముందే కొని ఉన్నాయి. తనకు వద్దన్నాడు. అవతల నుంచి మా అబ్బాయి గొంతు నాకూ వినిపించింది.

"డబ్బులు తిరిగి ఇవ్వరురా. తాతకు ఇవ్వు ఫోను."

వాడు ఫోను నా చేతిలో పెట్టి, బజ్జీల బండి వైపు నడిచాడు.