మెడికల్ స్కూల్ అప్లికేషన్‌లో మిషన్ వ్యాసం: నా అనుభవం

అమెరికాలో మెడికల్ స్కూల్‌కి అప్లై చేసేవాళ్లంతా ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష పేరు చెబితేనే టెన్షన్ పడతారు. 472 నుంచి 528 దాకా ఉండే ఆ స్కోరు ముఖ్యమే, కాదనను. నన్ను మాత్రం ఎక్కువగా నలిపింది సెకండరీ వ్యాసాలు.

ఆమ్‌కాస్ ఉమ్మడి అప్లికేషన్ కాబట్టి ఒకసారి నింపితే చాలు, ఎంచుకున్న కాలేజీలన్నిటికీ వెళ్తుంది. మన కథంతా 5,300 క్యారెక్టర్లలో ఇమడాలి, ఖాళీలు కూడా లెక్కలోకే వస్తాయి. చేసిన పనులు 15 దాకా రాసుకోవచ్చు. అది వెళ్లాక ఒక్కో కాలేజీ తన సొంత ప్రశ్నలు పంపుతుంది, వాటికి రాసే జవాబులే సెకండరీ వ్యాసాలు. ఆ ప్రశ్నల్లో తరచూ కనిపించేది ఒకటుంది: మా మిషన్‌కి, అంటే మేం ప్రకటించుకున్న లక్ష్యానికి, మీరెలా సరిపోతారు?

మిషన్లు తీసి చదివితే అన్నీ ఒకేలా ఉన్నాయి. వైద్యం, బోధన, పరిశోధన, ఆ పైన సమాజ సేవ. పేరు మూసేస్తే ఏది ఎవరిదో చెప్పలేం. ఎందుకిలా అని కాస్త చరిత్ర తిరగేశాను. 1893లో మొదలైన జాన్స్ హాప్కిన్స్ స్కూల్ ఆసుపత్రినీ, తరగతినీ, ల్యాబునీ కలిపి నడిపింది. 1910లో మెడికల్ కాలేజీల తీరుపై వచ్చిన ఫ్లెక్స్‌నర్ నివేదిక దాన్నే ఆదర్శంగా చూపించింది. ఆ కొలతకు నిలవలేని కాలేజీలు చాలా మూతపడ్డాయి. నల్లజాతి వాళ్ల కోసం నడుస్తున్న ఏడింటిలో చివరికి మిగిలినవి హోవర్డ్, మెహారీ మాత్రమే. అలాంటి చరిత్ర ఉన్న దేశంలో 1975లో అట్లాంటాలో మోర్‌హౌస్ అనే నల్లజాతి మెడికల్ స్కూల్ మొదలైంది. వైద్యం అందని వర్గాల గురించి ఆ స్కూల్ మాట్లాడితే అది అలంకారానికి పెట్టుకున్న మాట కాదు.

అప్పటినుంచి మిషన్ కంటే ముందు వేరే విషయాలు చూడటం మొదలుపెట్టాను. క్లినికల్ రొటేషన్లు, అంటే విద్యార్థులు విభాగాలు మారుతూ రోగుల దగ్గర నేర్చుకునే శిక్షణ, ఏ ఆసుపత్రుల్లో? సొంత రాష్ట్రం వాళ్లకి ఎన్ని సీట్లు? చదువయ్యాక ఏ స్పెషాలిటీల్లోకి వెళ్తున్నారు? యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ సంగతే తీసుకోండి. వాషింగ్టన్, వయోమింగ్, అలాస్కా, మోంటానా, ఐడహో, ఈ ఐదు రాష్ట్రాలకీ డాక్టర్లని తయారుచేసే బాధ్యత దానిది, సీట్లూ ఎక్కువగా అక్కడివాళ్లకే. మిన్నెసోటా యూనివర్సిటీ డులూత్ క్యాంపస్ పల్లెలకీ, నేటివ్ అమెరికన్లకీ వైద్యం చేసేవాళ్ల కోసం పెట్టింది. నాకు పల్లెల్లో పనిచేసిన అనుభవం లేదు. ఇలాంటివాటికి అప్లై చేయలేదు, ఫీజులైనా మిగిలాయి.

నా దగ్గర ఉన్నది వేరు. ఒక ఉచిత క్లినిక్‌లో ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకి తెలుగులో చెప్పే వాలంటీర్‌గా పనిచేశాను. డాక్టరు ఏం చెప్పినా తల ఊపేవాళ్లు. ‘అర్థమైందా’ అని అడిగితే ‘ఆఁ’ అనేవాళ్లు. ‘ఈ మాత్ర ఎప్పుడు వేసుకుంటారో మీరే ఒకసారి చెప్పండి’ అంటే అప్పుడు తెలిసేది, పొద్దుటిదీ రాత్రిదీ తారుమారయ్యాయని. విన్నది రోగి చేతే తిరిగి చెప్పించడం అక్కడ నేర్చుకున్నాను. వ్యాసంలో అదే రాశాను. వలస కుటుంబాలు ఎక్కువగా వచ్చే ప్రభుత్వ ఆసుపత్రిలో రొటేషన్లున్న కాలేజీలకి అది నేరుగా అతికింది.

కాలేజీ బలాల గురించి అడిగినచోట ప్రొఫెసర్ల పేర్లూ ల్యాబుల పేర్లూ గుప్పించమని చాలామంది సలహా ఇస్తారు. పరిశోధన చేసినవాళ్లు రాస్తే సరే. చేయనివాళ్లు రాస్తే అది ఆ కాలేజీ బ్రోచర్‌ని వాళ్లకే తిరిగి చదివి వినిపించినట్టుంటుంది.

ఇంటర్వ్యూల్లో కొన్ని ఎమ్‌ఎమ్‌ఐ (మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ) పద్ధతిలో జరిగాయి. కెనడాలోని మెక్‌మాస్టర్‌లో పుట్టిన పద్ధతి అది. ఒక్కో స్టేషన్‌లో కొద్ది నిమిషాలు, ఒక్కో కొత్త సమస్య. ప్రశ్నలు బయటపెట్టనని సంతకం చేశాను కాబట్టి చెప్పను. క్లినిక్ అనుభవం అక్కడ మాత్రం అడక్కుండానే పనికొచ్చింది.

చివరికి రెండు సీట్లు వచ్చాయి. పేరున్న దాన్ని వదిలి, ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నదాన్ని ఎంచుకున్నాను. ఇంట్లో కొన్నాళ్లు మౌనం నడిచింది, అది వేరే కథ. ఏప్రిల్ 30కల్లా ఎలాగూ ఒక్కదాన్నే ఎంచుకోవాలి. అంతదాకా ఆగకుండా, నిర్ణయం అయిన వెంటనే రెండోది వదిలేయండి. వెయిట్‌లిస్ట్‌లో ఉన్న ఇంకొకరికి ఆ కబురు అంత ముందుగా అందుతుంది.