మడతకీ ముడతకీ ఒకే మాట

జర్మన్‌లో మడతని ఫాల్టె అంటారు. ముడతనీ ఫాల్టె అనే అంటారు. స్కర్టుకి పెట్టే ప్లీట్స్‌కి అదే మాట, నుదుటి మీద గీతలకీ అదే. ఈ సంగతి నాకు తెలిసేసరికి ఒక ఊలు స్కర్టు మీద సగం ప్లీట్స్ నా ఇస్త్రీపెట్టె కింద చదునైపోయాయి.

నేను ఇక్కడ ఒక థియేటర్ కాస్ట్యూమ్ వర్క్‌షాపులో డాన్సర్ల బట్టలు కుడతాను. అప్పటికి చేరి మూడు వారాలు. మా హెడ్ స్కర్టు చూపించి గబగబా ఏదో చెప్పి ట్రయల్ రూంలోకి వెళ్ళిపోయింది. అందులో నాకు అందినవి రెండే ముక్కలు: ఫాల్టె, ఇస్త్రీ. ముడతలు తీయమంది కాబోలు అనుకున్నాను. ఆవిడ చెప్పింది మడతల అంచులు పదునుగా వచ్చేట్టు నొక్కమని. తిరిగొచ్చి చూసి స్టూలు మీద కూలబడింది. తిట్టిందో లేదో ఇప్పటికీ చెప్పలేను. అప్పటికి నాకు జర్మన్ తిట్లు కూడా రావు.

పక్క మిషన్ మీద కుట్టే ఆవిడ జాలిపడి ఫోన్‌లో ఒక డాన్స్ ఫొటో చూపించింది. 1991లో ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాలే కోసం కొరియోగ్రాఫర్ విలియం ఫోర్సైత్ చేసిన డాన్స్. బట్టలు జపాన్ డిజైనర్ ఇస్సే మియాకేవి, ఒళ్ళంతా సన్నటి ప్లీట్స్. డాన్సర్ దూకితే సాగుతాయి, ఆగితే మళ్ళీ మూసుకుంటాయి. స్టేజీ మీద ఆ బట్ట ఎలా ప్రవర్తించిందో చూశాకే మియాకే 1993లో ప్లీట్స్ ప్లీజ్ అని మామూలు మనుషులు వేసుకునే బట్టలు మొదలుపెట్టాడు. తమాషా ఏమిటంటే, అందరూ ముందు గుడ్డకి ప్లీట్స్ పెట్టి తర్వాత కుడతారు. ఆయన డ్రెస్సుని రెండు మూడింతలు పెద్దగా కుట్టేసి, కాగితాల మధ్య పెట్టి, వేడి ప్రెస్సులోకి పంపేవాడు. పాలియెస్టర్‌కి ఆ వేడి గుర్తుండిపోతుంది, ఉతికినా మడత పోదు. నా ఊలు స్కర్టు మాత్రం కాస్త ఆవిరి తగలగానే అంతా మర్చిపోయింది.

ఇన్‌స్పిరేషన్ ఎక్కడి నుంచి వస్తుందని కళాకారుల్ని అడిగినప్పుడు సముద్రం, సూర్యాస్తమయం అంటారే, నాకు కొంచెం చిరాకు. మా వర్క్‌షాపులో అది ఎక్కువగా చంకలోంచి వస్తుంది. నవ్వకండి. డాన్సర్ చెయ్యి పైకెత్తితే డ్రెస్సు మొత్తం లేచి నడుం బయటపడుతుంది. ఎందుకో చెప్పడానికి మా హెడ్ దగ్గర నాకు అర్థమయ్యే మాటలు లేవు. నా మణికట్టు పట్టుకుని చెయ్యి పైకి లాగింది. నా చొక్కా కూడా బిగుసుకుంది. తర్వాత డ్రెస్సుకి చంక దగ్గర కుట్టు విప్పి, గాలిపటం ఆకారంలో అరచేయంత ముక్క అతికించింది. చెయ్యి లేచింది, డ్రెస్సు కదల్లేదు. ఆ ముక్క చూసుకుని డాన్సర్ అక్కడికక్కడే రిహార్సల్లో లేని కొత్త కదలికొకటి చేసింది. మర్నాటి నుంచి అది షోలో ఉంది.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్ళిన మనిషి ఆస్కార్ ష్లెమర్. సెలవు రోజు రైలెక్కి స్టుట్‌గార్ట్‌లో స్టాట్స్‌గాలరీ అనే మ్యూజియానికి వెళ్ళాను, ఆయన ‘ట్రయాడిక్ బ్యాలే’ కాస్ట్యూములు మిగిలినవి కొన్ని అక్కడ ఉన్నాయి. ఆ బ్యాలే మొదటిసారి ఆడింది కూడా ఆ ఊళ్ళోనే, 1922 సెప్టెంబర్ 30న. ముగ్గురు డాన్సర్లు, 12 డాన్సులు, 18 కాస్ట్యూములు. ష్లెమర్ అసలు పెయింటర్. అయినా మారుపేరు పెట్టుకుని తనూ అందులో ఆడాడు. నేను డాన్సర్‌కి అడ్డం తీయడానికి జీతం తీసుకుంటుంటే, ఆయన కావాలని అడ్డం పెట్టాడు. గుండ్రటి స్కర్టు చేతుల్ని కిందికి దిగనివ్వదు, దిగకపోతే ఏం చేస్తావో అదే నీ డాన్స్. కుట్టు ఎలా వేశారో చూద్దామని వంగితే గార్డు గట్టిగా దగ్గాడు.

జర్మన్ కొరియోగ్రాఫర్ పీనా బౌష్ చేసిన ‘కఫే ముల్లర్’ (1978) సంగతి కూడా ఇలాంటిదే. స్టేజీ నిండా కుర్చీలు, కళ్ళు మూసుకుని నడిచే డాన్సర్లు. సెట్ వేసిన రోల్ఫ్ బోర్జికే వాళ్ళకి ముందు పరిగెత్తుతూ కుర్చీలు లాగేవాడు. నాకైతే చూడాల్సిన డాన్స్ ఆయనదే అనిపిస్తుంది.

భాష రాని ఆ మొదటి ఏడాది నేను మనుషుల్ని చూసినట్టు మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. చెవులకి పని లేక కళ్ళు డబుల్ డ్యూటీ చేసేవి. ట్రాంలో ఎవరైనా పోట్లాడుకుంటుంటే భుజాలు ముందు లేస్తాయా, గడ్డం ముందు లేస్తుందా అని చూసి నోట్‌బుక్కులో గీసుకునేదాన్ని. కోటు వీపు మీద ముడత ఎక్కడ పడుతుందో కూడా. ఇప్పుడు జర్మన్ వచ్చేసింది. వాళ్ళు అద్దె గురించి పోట్లాడుకుంటున్నారని తెలిసిపోతోంది, అక్కడితో చూడటం ఆగిపోతోంది. నోట్‌బుక్కులో బొమ్మలు తగ్గాయి. అందుకే ఈమధ్య ట్రాం ఎక్కగానే ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటున్నాను, పాటలు లేకుండా.

పోయిన నెల మొదటిసారి ఒక కాస్ట్యూమ్ డిజైన్ నాకే అప్పగించారు. పదిహేను నిమిషాల సోలో, ముసలావిడ పాత్ర. పాత నోట్‌బుక్కు తీశాను. నూలు గుడ్డ తడిపి, పిండి, తాడులా మెలేసి, చుట్ట చుట్టి రెండు రోజులు ఆరబెట్టాను. విప్పితే ఒంటినిండా ముడతలే, ఏ రెండూ ఒక్కలా లేవు. కుట్టి స్టాండుకి తగిలించాను.

మా హెడ్ వచ్చి చూసింది. అలవాటు కొద్దీ చెయ్యి ఇస్త్రీపెట్టె మీదికి పోయింది. అక్కడే ఆగి, నా వైపు తిరిగి అడిగింది: “ఇది ఏ ఫాల్టె?”