కంటిపాపను విప్పే చుక్కలు: ఏ మందు, ఎంత శాతం, ఎంతసేపు

మధుమేహం ఉన్నందువల్ల నేను ఏటా రెటీనా పరీక్షకు వెళ్తాను. అక్కడ వరండాలో కూర్చున్నవారిలో ఒకరిద్దరైనా, సాయంత్రం పని ఉందనో కళ్ళు మసకబారతాయనో, చుక్కలు వద్దని నర్సుతో వాదిస్తూ ఉంటారు. వారి విసుగు అర్థం చేసుకోదగినదే కానీ, చుక్కలు మానుకుంటే పరీక్ష సగమే జరిగినట్లు. వెలుతురు పడగానే 2, 3 మిల్లీమీటర్లకు ముడుచుకునే పాప గుండా వైద్యుడికి ప్రధానంగా రెటీనా మధ్యభాగమే కనిపిస్తుంది. అది 7, 8 మిల్లీమీటర్లకు విప్పారినప్పుడే అంచుల దగ్గరి రక్తస్రావాలూ చిరుగులూ స్పష్టంగా బయటపడతాయి. కాబట్టి వద్దనడానికి బదులు ఏ మందు వేస్తున్నారు, ఎంత శాతం, ప్రభావం ఎంతసేపు ఉంటుంది అని అడగడం మేలని నా అభిప్రాయం.

పెద్దల పరీక్షకు మన దగ్గర ఎక్కువగా వాడేది ట్రోపికమైడ్ 0.8 శాతం, ఫినైలెఫ్రిన్ 5 శాతం కలిసిన చుక్కల మందు. మొదటిది పాపను ముడిచే కండరాన్ని సడలిస్తుంది, రెండోది విప్పే కండరాన్ని బిగిస్తుంది. అరగంటలోపు మొదలయ్యే ప్రభావం సాధారణంగా 4 నుంచి 6 గంటలు ఉంటుంది. మన ముదురు గోధుమరంగు కళ్ళలోని వర్ణకం మందును పట్టి ఉంచుతుంది కనుక పాప ఆలస్యంగా విప్పారుతుంది. నర్సు రెండోసారి, మూడోసారి వేయడానికి అదొక కారణం. ఆ పూట బండి నడపకూడదు, ఎండలో నల్లకళ్ళద్దాలు పెట్టుకోవాలి.

చుక్కే కదా అని తేలికగా తీసుకోవడం సరికాదని చెప్పడానికి చిన్న లెక్క చాలు. ఒక చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు అనుకుంటే, 10 శాతం ఫినైలెఫ్రిన్ చుక్కలో 5 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఆపరేషన్ సమయంలో పడిపోయిన రక్తపోటును పెంచడానికి ఇదే మందును నరానికి ఒక్కో మోతాదులో 0.1 మిల్లీగ్రాము వరకు ఇస్తుంటారు. కంట్లో వేసినదంతా రక్తంలోకి చేరదు, నిజమే. అయినా గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవారికీ పసిపిల్లలకీ 10 శాతం మందు వాడకూడదు, కాబట్టి ఆ సంగతి ముందే చెప్పాలి. చుక్క పడిన తరువాత ముక్కు పక్కన, కంటి లోపలి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి పట్టుకుంటే, మందు కన్నీటి నాళం ద్వారా ముక్కులోకి, అక్కడి నుంచి రక్తంలోకి పోవడం తగ్గుతుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం పిల్లల విషయం. మెల్లకన్ను ఉన్న చిన్నపిల్లలకు కళ్ళద్దాల నంబరు తేల్చడానికి 1 శాతం అట్రోపిన్ ఆయింట్‌మెంటును మూడు రోజులు ఇంట్లో పెట్టమని వైద్యులు రాస్తుంటారు. పిల్లల కంటి కండరాలు చాలా బలంగా బిగుసుకుంటాయి కనుక అవి పూర్తిగా సడలితే తప్ప అసలు నంబరు దొరకదు. అంటే మందు వేసే పని నర్సు చేతి నుంచి తల్లిదండ్రుల చేతికి వస్తుంది. 1 శాతం అట్రోపిన్ చుక్కలో అర మిల్లీగ్రాము ఉంటుంది, ఆసుపత్రిలో ఇంజెక్షనుగా వాడే ఆంప్యూల్‌లో ఉండేది సాధారణంగా 0.6 మిల్లీగ్రాము. ముక్కులోకి తక్కువగా జారుతుందనే ఉద్దేశంతోనే పసివారికి చుక్కలకు బదులు ఆయింట్‌మెంటు ఇస్తారు. ముఖం ఎర్రబారడం, నోరు ఎండిపోవడం, చెమట లేకుండా జ్వరం రావడం, గుండె వేగంగా కొట్టుకోవడం, పిల్లవాడు పొంతన లేకుండా మాట్లాడటం కనిపిస్తే కంటి చుట్టూ ఉన్న మందు తుడిచివేసి, ఇక వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఇవేవీ లేకపోయినా కంటిపాప వారం నుంచి రెండు వారాల దాకా విప్పారే ఉండి దగ్గరి అక్షరాలు మసకగా కనిపిస్తాయి. పరీక్షల ముందు బడిపిల్లలకు ఇది ఇబ్బందే కనుక తేదీ చూసుకుని వెళ్ళడం మంచిది. మిగిలిన మందును ఫ్రిజ్‌లో దాచి మరొకరి కంటికి వేయడం మన ఇళ్ళలో ఉన్న దురలవాటు, దానిని మానుకోవాలి.

హ్రస్వదృష్టి పెరగకుండా రోజూ రాత్రి వేసే అట్రోపిన్ తరచుగా 0.01 శాతం మాత్రమే, అంటే నూరో వంతు. పేరు ఒకటే కావడం వల్ల దుకాణంలో ఒకదానికి బదులు మరొకటి చేతికి వచ్చే వీలుంది. సీసా మీది శాతాన్ని చీటీతో సరిచూసుకోక తప్పదు.

కంటి ముందుభాగం ఇరుకుగా ఉన్న కొద్దిమందిలో పాప విప్పారడం వల్ల కంటిలోని ఒత్తిడి ఒక్కసారిగా పెరగవచ్చు. అరుదైనదే కానీ, చుక్కలు వేసిన రోజున కంటిలో తీవ్రమైన నొప్పి, దీపాల చుట్టూ రంగుల వలయాలు, వాంతులు మొదలైతే తెల్లవారేదాకా ఆగకూడదు.

అట్రోపిన్ మన పొలం గట్ల మీది ఉమ్మెత్తలో కూడా ఉంది. వినాయక చవితి పత్రిలో ఉమ్మెత్త ఆకు ఒకటి కాబట్టి, దానిని తుంచిన చేతులతో కళ్ళు నులుముకుంటే ఒక కంటిపాప మాత్రమే పెద్దదై ఇంటిల్లిపాదినీ కంగారు పెట్టవచ్చు. తలకు దెబ్బ తగిలి అత్యవసర విభాగానికి వచ్చినవారిలో పెద్దదైన పాపను వైద్యులు మెదడుకు సంబంధించిన ప్రమాద సూచనగా పరిగణిస్తారు; అందువల్ల చుక్కలు వేయించుకున్న రోజున మందు పేరు, వేసిన సమయం, ఏ కంటికి వేశారన్నది రాయించుకున్న చీటీని జేబులో ఉంచుకోవాలి.