షెల్టరుకు లైసెన్సు ఇచ్చేదెవరు?

దెబ్బతిన్న కుక్కపిల్లనో, యజమాని పోయాక దిక్కులేకుండా మిగిలిన పిల్లినో ఎక్కడికి పంపాలని నన్ను అడిగేవారు, ఏదైనా పేరు చెప్పగానే వేసే రెండో ప్రశ్న ఆ షెల్టరుకు లైసెన్సు ఉందా అన్నది. 2025లో సుప్రీంకోర్టు వీధికుక్కల విషయంలో వరుసగా ఆదేశాలిచ్చిన తరువాత ఈ ప్రశ్న మరీ తరచుగా వినబడుతోంది. నేను వృత్తిరీత్యా స్వచ్ఛంద సంస్థల లెక్కలు చూసేవాణ్ణి. వాటిలో మూగజీవాల సంస్థలు కూడా ఉండడం వల్ల ఈ సంగతులు కొంత దగ్గరగా తెలిశాయి. నిజానికి మన దేశంలో షెల్టరు పేరుతో విడిగా ఒక లైసెన్సంటూ లేదు. కుక్కపిల్లలను పుట్టించి అమ్మేవారికి 2017 నాటి నియమాలు, పెంపుడు జంతువుల దుకాణాలకు 2018 నాటి నియమాలు ఉన్నాయి. ఆ రెండు వ్యాపారాలూ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. అమ్మకమన్నది లేకుండా ఆశ్రయమిచ్చే సంస్థకైతే నాలుగైదు కార్యాలయాల కాగితాలు కలిస్తే గాని చట్టబద్ధత ఏర్పడదు. వాటిలో ఏ ఒక్కటీ మరొకదాని పని చేయదు.

మొదటి కాగితం సంస్థ పుట్టుకకు సంబంధించినది. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ చాలా సంస్థలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద, కనీసం ఏడుగురు సభ్యులతో నమోదవుతాయి. కొందరు సబ్ రిజిస్ట్రారు దగ్గర ట్రస్టు దస్తావేజు రాయించుకుంటారు, మరికొందరు కంపెనీల చట్టం 8వ సెక్షను కింద లాభాపేక్ష లేని కంపెనీ పెడతారు. ఆ రిజిస్ట్రేషను నంబరునే బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించి ‘ప్రభుత్వ గుర్తింపు పొందినది’ అని ప్రకటించుకునేవారున్నారు. అదే చట్టం కింద యువజన సంఘమూ నమోదవుతుంది, కాలనీ సంక్షేమ సంఘమూ నమోదవుతుంది. మీకు ఒక్క కుక్కనైనా సాకే వసతి ఉందా అని అక్కడ ఎవరూ అడగరు. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే, 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను రాయితీ) అని పిలిచే నమోదులు కూడా జంతువుల క్షేమం గురించి ఏమీ చెప్పవు. అయితే డబ్బు దారి తెలుసుకోవడానికి అవి బాగా పనికివస్తాయి: 80జీ ఉన్న సంస్థ దాతల వివరాలను ఏటా శాఖకు సమర్పించి, దాతకు విరాళపు ధ్రువపత్రం ఇవ్వవలసి ఉంటుంది, రూ. 2,000 దాటిన నగదు విరాళానికి పన్ను రాయితీ వర్తించదు. విరాళాన్ని సంస్థ పేరున ఉన్న ఖాతాకు కాక నిర్వాహకుడి సొంత ఫోను నంబరుకు పంపమంటున్నారంటే, నేనైతే మిగతా కాగితాలు అడగను.

జంతువుల పనికి నేరుగా సంబంధించిన అధికారం 1960లో వచ్చిన జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టంలో ఉంది. దాని కింద 1962లో, రుక్మిణీదేవి అరండేల్ చొరవతో, భారత జంతు సంక్షేమ బోర్డు ఏర్పడింది. చాలాకాలం చెన్నైలో ఉన్న దాని కార్యాలయం ఇప్పుడు హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. గుర్తింపు కోరే సంస్థ ఆడిటయిన లెక్కలను, తన దగ్గరున్న జంతువుల వివరాలను ఈ బోర్డుకు సమర్పించి తనిఖీకి సిద్ధపడాలి. ఇదిగాక, ప్రతి జిల్లాలోనూ ఒక జంతు హింస నివారణ సంఘం, అంటే ఎస్పీసీఏ, ఉండాలని 2001 నాటి నియమాలు చెబుతున్నాయి. దాని ఆశ్రయంలో పూర్తికాలపు పశువైద్యుడు, ఒక నిర్వహణాధికారి తప్పనిసరి. ఈ నియమాలు మన జిల్లాల్లో చాలాచోట్ల కాగితం దాటి రాలేదని ఒప్పుకోక తప్పదు. ఆ ఖాళీని ఎక్కువగా పూరించింది స్వచ్ఛంద సంస్థలే: హైదరాబాదులో అక్కినేని అమల 1992లో ప్రారంభించిన బ్లూ క్రాస్, విశాఖపట్నంలో 1996 నుంచి పనిచేస్తున్న విశాఖ ఎస్పీసీఏ అటువంటివి.

వీధికుక్కలకు సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలు చేసే కేంద్రాల మీద నిబంధనలు ఇంకా గట్టివి. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం, కేంద్ర బోర్డు నుంచి ఆ ప్రాజెక్టుకు ప్రత్యేకంగా గుర్తింపు పొందని సంస్థకు మున్సిపాలిటీ ఈ పని అప్పగించకూడదు. కుక్కలకు నిజంగా చేసిన శస్త్రచికిత్సల లెక్కకూ బిల్లులో రాసే లెక్కకూ తేడా రాకుండా, తొలగించిన అవయవాలను భద్రపరచి పర్యవేక్షణ కమిటీ ముందు లెక్కపెట్టించాలి. ఆడిటరుగా నేను చూసిన సరుకు నిల్వల తనిఖీ పద్ధతుల్లో ఇంత సూటిదీ, ఇంత వికారమైనదీ మరొకటి లేదు. శస్త్రచికిత్స అయి, టీకా వేసి, చెవికి గాటు పెట్టిన కుక్కను పట్టుకొచ్చిన చోటనే వదలాలి. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో రేబిస్ సోకిన, సోకిందని అనుమానమున్న, మీదపడి కరిచే స్వభావమున్న కుక్కలను ఇందులోంచి మినహాయించింది. నవంబరు 7 నాటి ఉత్తర్వులో విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల వంటి చోట్ల పట్టిన కుక్కలను తిరిగి అక్కడ వదలకుండా షెల్టర్లకు తరలించమంది. కాబట్టి కుక్కకు ఇంతని డబ్బు తీసుకొని, మీ కాలనీలో ఉన్నవన్నీ ఎత్తుకుపోతామని ఎవరైనా వస్తే, వారి దగ్గర ఎన్ని కాగితాలున్నా ఆ పని చట్టవిరుద్ధమే.

స్థానిక సంస్థ అనుమతులు, మొరుగుడు మీద ఇరుగుపొరుగు ఫిర్యాదులు, 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం సూదులను, కట్లను విడిగా పారవేసే ఏర్పాట్లు ఎలాగూ ఉంటాయి.

కాగితాలన్నీ సక్రమంగా ఉన్నప్పటికీ, షెల్టరు నడిచే తీరు లోపలి రిజిస్టర్లలోనే కనబడుతుంది. వచ్చిన ప్రతి జంతువుకూ తేదీ, తెచ్చినవారి పేరు, దొరికిన స్థలం, ఫొటో, ఒంటి మీది గుర్తులు రాసి ఒక నంబరు ఇవ్వాలి. ఆ తరువాత దానిని మిగతావాటితో కలపకుండా సుమారు రెండు వారాలు విడిగా ఉంచాలి, ఎందుకంటే పార్వో, డిస్టెంపరు వంటి అంటు వైరస్ జబ్బులు సోకిన కుక్కపిల్ల వచ్చిన రోజున ఎంతో చలాకీగా కనబడవచ్చు. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిలుతో పోదు, బ్లీచింగ్ ద్రావణమే కావాలి. పైగా ఆ ఫినాయిలు పిల్లులకు విషం కూడాను. గదులన్నీ ఘుమఘుమలాడుతున్నాయని మెచ్చుకునే సందర్శకులు ఆ సంగతి గమనించరు. మనిషిని కరిచిన కుక్కను పది రోజులు పరిశీలనలో ఉంచి రోజూ దాని స్థితి రాయాలి. టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, కరెంటు పోతే ఏం చేస్తారన్నదానికి జవాబుండాలి. విడిగా ఉంచే గదులు నిండిపోయినప్పుడు చోటు లేదని చెప్పి, వేరే దారి చూపే షెల్టరు మీద చాలామందికి కోపం వస్తుంది. ఎన్ని తెచ్చినా కాదనకుండా తీసుకునే చోటును చూస్తేనే నాకు భయం.

నేను ముందుగా అడిగేది మరణాల రిజిస్టరు. లారీల కింద పడినవీ, తల్లికి దూరమైన పసికూనలూ, ముసలితనంలో వదిలేసినవీ వచ్చే చోట చావులు తప్పవు. ఏడాదిలో ఒక్కటీ చనిపోలేదని చెప్పే షెల్టరు లెక్కలు రాయడం లేదని అర్థం. కోలుకునే ఆశ లేని జంతువుకు కారుణ్య మరణం ఇచ్చినప్పుడు నిర్ణయించిన డాక్టరు సంతకం, కారణం, వాడిన మందు అందులో ఉండాలి.

దత్తతకు ధర ఉండదు. టీకాల ఖర్చు కింద కొంత అడగడంలో తప్పు లేదు గాని, మేలుజాతి కుక్కపిల్లకు వేలకు వేలు ‘అడాప్షన్ ఫీజు’ అంటే అది పేరు మార్చుకున్న వ్యాపారం, దానికి వ్యాపార నమోదే కావాలి. మంచి షెల్టరు మీ ఇంటికి వచ్చి చూస్తుంది, అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నాడా అని అడుగుతుంది, శస్త్రచికిత్స చేయిస్తామని, సాకలేకపోతే తిరిగి తమకే అప్పగిస్తామని రాయించుకుంటుంది. పోలీసులు పట్టుకొని అప్పగించిన జంతువులను ఈ పద్ధతిలో ఇవ్వడానికి వీల్లేదు. కేసు తేలేవరకు అవి, కేసుల్లో పట్టుబడిన జంతువుల సంరక్షణకు 2017లోనే విడిగా వచ్చిన నియమాల కింద, షెల్టరు సంరక్షణలో ఉంటాయి, ఆ పోషణ ఖర్చు యజమాని భరించాలి.

ఇక లెక్కల సంగతి. ఆదాయ వ్యయాల పట్టికలో నూకలు, చికెన్ దుకాణాల నుంచి తెచ్చే తలకాయలు, కాళ్లు, మందులు కనబడితే దాతలు సంతోషిస్తారు; జీతాల పద్దు పెద్దదిగా కనబడగానే ముఖం చిట్లిస్తారు. నా అభిప్రాయం వేరు. రోజుకు రెండుసార్లు గదులు కడిగి, గాయాలు తుడిచి, మందు మింగించి, రాత్రి కాపలా ఉండే మనుషులు ఉచితంగా ఏళ్ల తరబడి పనిచేయరు. జీతాల పద్దు దాదాపు లేకుండా వంద కుక్కలను సాకుతున్నామని చెప్పే సంస్థను, ఆ గదులు ఎవరు కడుగుతున్నారని అడుగుతాను. కడిగేవారు దొరికితే, వారికి ముందస్తు రేబిస్ టీకాలు వేయించారా, ఆ బిల్లు ఏ పద్దులో ఉందో చూపించమంటాను.